స్క్రోల్ సా పని మొదలుపెట్టాలంటే ముందు కట్టె సంగతి తేల్చుకోండి

స్క్రోల్ సా ఇంటికి రాగానే చాలామంది చేసే మొదటి పని ఫోన్‌లో డిజైన్లు వెతకడం. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది కట్టె. బ్లేడు నంబరు, మిషన్ స్పీడు, డిజైన్‌లో ఒక గీత ఎంత సన్నగా ఉంటే తట్టుకుంటుంది అనేవన్నీ కట్టెను బట్టే ఉంటాయి. మన వరంగల్, హన్మకొండ నుంచి అటు ములుగు, ఇటు మంచిర్యాల దాకా ఎవరిని అడిగినా "టేకు తీసుకో, ఇంకేం ఆలోచించకు" అంటారు. తలుపులకు, మంచాలకు ఆ మాట నూటికి నూరు పాళ్లు నిజం. స్క్రోల్ సా మీద మొదటి కట్టెగా మాత్రం టేకు వద్దని గట్టిగా చెబుతాను, ఎందుకో కింద రాస్తున్నాను. అర్థం కావడానికి ఒకే పని పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా వెళ్దాం: ఎనిమిది అంగుళాల వెడల్పు కాకతీయ తోరణం, గోడకు తగిలించుకునేది. రెండు స్తంభాలు, పైన అడ్డ దూలం, దాని మీద హంసలు, లోపల చిన్న చిన్న ఖాళీలు. నేర్చుకోవాల్సినవి దాదాపు అన్నీ ఇందులోనే ఉన్నాయి.

మిషన్ గురించి రెండు ముక్కలు

షాపులో స్క్రోల్ సా అని అడిగితే ఒక్కోసారి చేత్తో పట్టుకుని కోసే జిగ్ సా తీసి ముందు పెడతారు. రెండూ వేరు. స్క్రోల్ సా బల్ల మీద పెట్టే మిషన్, బ్లేడు ఉన్నచోటే పైకీ కిందికీ ఆడుతుంది, కట్టెను మనమే తిప్పుకోవాలి. ఎక్కువగా దొరికేవి 16 అంగుళాలవి, అంటే బ్లేడుకూ వెనక ఆర్మ్‌కూ మధ్య సుమారు 400 మిల్లీమీటర్ల చోటు ఉంటుంది, మన తోరణానికి ధారాళంగా సరిపోతుంది. కొనేటప్పుడు ముఖ్యంగా రెండు చూడండి. స్పీడు పెంచుకోడానికి, తగ్గించుకోడానికి నాబ్ ఉండాలి. పిన్ను లేని బ్లేడు పట్టాలి. ఈ రెండోదాని విషయంలో రాజీ పడొద్దు, ఎందుకంటే పిన్ను ఉన్న బ్లేడు దూరాలంటే దగ్గర దగ్గర 5 మిల్లీమీటర్ల బెజ్జం పెట్టాలి, తోరణం లోపలి ఖాళీలు కొన్ని అంత వెడల్పే ఉండవు. పిన్ను లేనిదైతే ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల బెజ్జంతో పని అయిపోతుంది. పైగా ఔసలోళ్లు వెండి, ఇత్తడి కోసే సన్న రంపపు బ్లేడ్లు కూడా సుమారు ఇదే పొడవు, 130 మిల్లీమీటర్లు, కాబట్టి చాలా మిషన్లకు పడతాయి. పెంబర్తి పనిలాంటి ఇత్తడి రేకును చెక్కలో పొదగాలన్న కోరిక ఎప్పుడైనా పుడితే అవి పనికొస్తాయి.

ఏ కట్టె

స్క్రోల్ సాకు కావాల్సింది ఖరీదైన కట్టె కాదు, నార, అంటే కట్టెలో పోగులు పారే తీరు, సమంగా ఉండి, ముడులు లేకుండా, బాగా ఆరిన కట్టె. గట్టిదనం ఆ తర్వాతి మాట.

మొదటి పనికి నేను చెప్పేది గుమ్మడి టేకు. పేరులో టేకు ఉన్నా ఆ చెట్టు వేరు, కట్టె తేలిక. లేత గడ్డి రంగులో, నార దాదాపు ఒకే తీరుగా ఉంటుంది, ఆరాక పెద్దగా వంకర పోదు, బ్లేడు ఎక్కడా తడబడకుండా నడుస్తుంది. ఇది దొరకకపోతే వేప. వేపలో నార అటూ ఇటూ అల్లుకుని ఉంటుంది కాబట్టి రంద పడుతుంటే అక్కడక్కడ లేస్తుంది, కానీ స్క్రోల్ సా కోతకు బాగానే లొంగుతుంది, పురుగు భయం తక్కువ. పొట్టు చేదు, మాస్కు లేకుండా కోస్తే సాయంత్రం దాకా గొంతులో ఆ చేదే ఉంటుంది. మామిడి చవక, కోత మెత్తగా వస్తుంది, కొన్ని చెక్కల్లో నల్లటి చారలు భలే అందంగా ఉంటాయి, అయితే పురుగు తొందరగా పడుతుంది కాబట్టి చెక్క మీద సూది మొనంత బెజ్జాలు, వాటి కింద పిండిలాంటి పొడి కనిపిస్తే ఎంత చవకగా ఇచ్చినా ఇంటికి తేవొద్దు.

దిరిసెన గురించి మన దగ్గర ఎక్కువమంది ఆలోచించరు గానీ నాకు చాలా ఇష్టమైన కట్టె. రోడ్ల పక్కన నీడ కోసం పెంచే చెట్టే. చేవ, అంటే కాండం నడిమి గట్టి కట్టె, ముదురు గోధుమ రంగులో, పాలిష్ చేశాక వాల్‌నట్ కట్టెకు పోటీగా నిలబడుతుంది. దాని పొట్టుకు తుమ్ములు ఆగవు, మాస్కు తప్పనిసరి.

ఇక టేకు. ఆదిలాబాద్ అడవుల టేకుకు పేరు ఊరికే రాలేదు, చెదలు పట్టదు, ఎండకు వానకు నిలుస్తుంది. కానీ ఆ కట్టెలో సన్న ఇసుకలాంటి సిలికా ఉంటుంది, అది బ్లేడు పళ్లను తొందరగా అరగదీస్తుంది. రెండోది, టేకులో ఏటా పెరిగే వలయం మొదట్లో పెద్ద పెద్ద రంధ్రాల వరుస ఒకటి ఏర్పడుతుంది. ఆ వరుస సరిగ్గా మీ డిజైన్‌లో రెండు ఖాళీల మధ్య మిగిలే సన్నటి వంతెనకు అడ్డంగా వచ్చిందంటే అక్కడే పుటుక్కుమంటుంది. మూడోది, కట్టెలోనే నూనె ఉంటుంది కాబట్టి జిగురు సరిగ్గా పట్టదు, అతికించే ముందు ఆ చోటును థిన్నర్ గుడ్డతో తుడవాలి. చేయి కుదిరాక, లావు గీతలున్న డిజైన్లకు టేకు వాడండి, అప్పుడు దాని అందం దానిదే.

నల్లమద్ది, తుమ్మ, చింత చేవ చాలా గట్టివి. బ్లేడు వేడెక్కి కోత అంచు నల్లగా కాలుతుంది. తాళాల గుత్తి బిళ్లలు, చిన్న డబ్బాల మూతలు లాంటి సాదా ఆకారాలకు సరే, జాలీ పనికి వద్దు. జిట్రేగిని చిన్న ముక్కల్లో, పొదగడానికి దాచుకోండి. దాని పొట్టు కొందరికి ఒంటి మీద దద్దుర్లు తెప్పిస్తుంది, పొడుగు చేతుల చొక్కా వేసుకుని కోయండి. నిర్మల్, చేర్యాల బొమ్మలకు వాడే పొణికి కట్టె గురించి కూడా అడుగుతుంటారు. అది చాలా తేలిక, చాలా మెత్తన, కత్తితో చెక్కడానికి పుట్టినట్టే ఉంటుంది. స్క్రోల్ సా మీద మాత్రం అంచుకు నూగు లేస్తుంది, సన్న గీతలు నిలవవు. దాని మీద బతికే పనివాళ్లకే అది సరిగ్గా దొరకని పరిస్థితి ఉన్నప్పుడు, మనకు పనికిరాని చోట వాడి పాడు చేయడం నాకు ఇష్టం లేదు.

ఎక్కడ తెచ్చుకోవాలి

కొత్త దుంగ కొనాల్సిన పనే లేదు. కట్టె కోత మిషన్ దగ్గరికో, ఫర్నిచర్ చేసే వడ్లాయన దగ్గరికో వెళ్లి "అన్నా, అడుగు, అడుగున్నర తుండు ముక్కలు ఏమన్నా ఉన్నయా" అని అడగండి. వాళ్లకు పొయ్యిలోకి పోయే ముక్కలు మనకు రెండు మూడు పనులకు సరిపోతాయి. పాత ఇండ్లు కూలగొట్టే చోట దొరికే తలుపు చెక్కలు, దూలాలు ఇంకా మంచివి, ఏళ్ల తరబడి ఆరి ఉంటాయి. అయితే అందులో విరిగిన మేకు ఒక్కటున్నా బ్లేడు పోయినట్టే, రంద మిషన్‌కు వేసే ముందు గట్టి అయస్కాంతం చెక్క మీద అంతటా తిప్పి చూడండి. టేకు, జిట్రేగి లాంటివి కొంటే చిన్న ముక్కకైనా బిల్లు అడిగి తీసుకోండి. అడవి కలపను తీసుకుపోవాలంటే అటవీ శాఖ పర్మిట్ ఉండాలి, ఎవరో బండి మీద తెచ్చి సగం ధరకు ఇస్తానంటే తీసుకోవద్దు.

మందం విషయానికొస్తే, మన వడ్రంగులు సూత్‌లలో చెబుతారు, అంగుళానికి ఎనిమిది సూత్‌లు. తోరణానికి నాలుగు సూత్‌లు, అంటే సుమారు 12 మిల్లీమీటర్లు, మంచి కొలత. అంతకన్నా సన్నగా ఉంటే సన్న భాగాలు విరుగుతాయి, మరీ లావైతే మలుపుల్లో బ్లేడు వంగుతుంది. రెండు పక్కలా రంద పట్టించి, చెక్కను చదునైన గ్రానైట్ గట్టు మీద పెట్టి నాలుగు మూలలూ నొక్కి చూడండి, ఊగితే ఇంకా రంద పట్టాలి.

ఆరిందో లేదో తెలుసుకోడానికి ఖరీదైన మీటర్ ఏమీ అక్కర్లేదు. వంటింటి ఎలక్ట్రానిక్ కాటా మీద ముక్కను తూచి, బరువును పెన్సిల్‌తో దాని మీదే రాసి, నీడలో గాలి తగిలే చోట నిలబెట్టండి. వారం తర్వాత మళ్లీ తూచండి. తగ్గిందంటే ఇంకా నీరు పోతోంది. రెండు మూడు వారాలు బరువు కదలకుండా ఉంటే కోతకు సిద్ధం. పచ్చి చెక్క నీడలో ఆరడానికి అంగుళం మందానికి ఏడాది అని పాత లెక్క. మన ఎండాకాలం చూసి, మే నెలలో డాబా మీద ఎండబెడితే నాలుగు రోజుల్లో ఆరుతుందని కొందరు అదే పని చేస్తారు. పై పొర గబగబా ఆరి, లోపల నీరు అలాగే ఉండి, చివర్లు నిలువునా పగులుతాయి. చివర్లకు మైనమో పెయింటో పూసి నీడలోనే ఉంచండి.

ఇంకో చిన్న పరీక్ష. చెక్క చివర కోత వైపు చూడండి, వలయాల గీతలు కనిపిస్తాయి. అవి చెక్క మందంలో నిటారుగా నిలబడి ఉంటే ఆ చెక్క వానాకాలం ఉబ్బినా చదునుగానే ఉంటుంది. పడుకుని విల్లులా వంగి ఉంటే చెక్క కూడా ఎప్పుడో ఒకప్పుడు అలాగే డొప్ప తిరుగుతుంది. ఎనిమిది అంగుళాల వెడల్పుకు ఈ తేడా బాగా కనిపిస్తుంది.

బ్లేడు

నంబరు పెరిగే కొద్దీ బ్లేడు వెడల్పూ మందమూ పెరుగుతాయి. రెండు సూత్‌ల లోపు పల్చటి చెక్కకు 1 నుంచి 3 నంబర్లు, నాలుగు నుంచి ఆరు సూత్‌లకు 5 నంబరు, అంగుళం దాకా 7, ఇంకా లావు లేదా తుమ్మలాంటి గట్టి కట్టెకు 9. తోరణానికి ఒక డజను 5 నంబరు, లోపలి సన్న మలుపులకు కొన్ని 3 నంబరు తెచ్చుకోండి. రివర్స్ పళ్లున్న రకం అడగండి, వాటిలో కింది చివర కొన్ని పళ్లు పైకి తిరిగి ఉంటాయి, దానివల్ల చెక్క అడుగు వైపు పీచు లేవదు. ఇది బిగించేటప్పుడు బ్లేడు పూర్తిగా పైకి వెళ్లినప్పుడు ఆ తిరుగు పళ్లు రెండో మూడో బల్ల పైకి కనిపించాలి, కనిపించకపోతే అవి ఉన్నా లేనట్టే. మిగతా పళ్లు కిందికి, మీ వైపుకు చూడాలి.

కొత్త బ్లేడుకు నూనె రాసి ఉంటుంది. రెండు చివర్లూ థిన్నర్‌తో తుడిచి, సాండ్ పేపర్‌తో ఒక్కసారి లాగితే క్లాంపులోంచి జారదు. పదే పదే బ్లేడు ఊడొస్తోందని మిషన్‌ను తిట్టుకునే వాళ్లు ముందు ఇది చేసి చూడాలి.

ఇప్పుడు టెన్షన్, అంటే బ్లేడు బిగువు. బ్లేడును వేలితో మీటితే సన్నగా టింగుమనాలి, డబ్బాను కొట్టినట్టు మొద్దుగా మోగితే ఇంకా బిగించాలి. వేలితో పక్కకు నెడితే మూడు మిల్లీమీటర్లకు మించి కదలకూడదు. టెన్షన్ తక్కువైతే మలుపుల్లో బ్లేడు లోపల బొజ్జలా వంగి, పైన గీత మీదే ఉన్నట్టు కనిపించినా అడుగున కోత వేరే చోటికి పోతుంది.

బల్ల బ్లేడుకు మూలమట్టంగా ఉందో లేదో చూడటం రెండు నిమిషాల పని. అంగుళంన్నర మందమున్న చెత్త ముక్కను తీసుకుని అంచు మీద ఒక పావు అంగుళం లోతు కోత పెట్టండి. మిషన్ ఆపి, ముక్కను వెనక్కి తిప్పి, అదే కోతను బ్లేడు వెనక వైపు నుంచి దూర్చండి. ఎక్కడా తగలకుండా దూరితే బల్ల సరిగ్గా ఉంది. తగిలితే బల్ల కింది స్క్రూ వదులు చేసి కొంచెం వంచి మళ్లీ చూడండి. మిషన్ మీద అచ్చేసిన డిగ్రీల గీతను నమ్మొద్దు.

డిజైన్ అంటించడం

ముందు చెక్కంతా పారదర్శకమైన ప్యాకింగ్ టేప్ అంటించి, దాని మీద గ్లూ స్టిక్‌తో డిజైన్ కాగితం అంటించండి. టేప్ ఉంటే బ్లేడుకు రాపిడి తగ్గి కట్టె కాలకుండా ఉంటుంది, పనయ్యాక కాగితం టేప్‌తో పాటే ఊడొస్తుంది.

అసలు ఆలోచించాల్సింది నార ఎటు పారాలి అన్నది. తోరణం చూడగానే స్తంభాలు నిలువుగా ఉన్నాయి కాబట్టి నార కూడా నిలువుగా పెట్టాలనిపిస్తుంది. కానీ చూడండి, స్తంభాలు లావుగా ఉంటాయి. రెండు స్తంభాల మధ్య ఖాళీ మీద నిలిచే అడ్డ దూలమే సన్నగా, పొడవుగా ఉంటుంది. నార నిలువుగా పెడితే దూలంలో నార పొట్టిగా తెగిపోయి, మేకుకు తగిలించేటప్పుడు చెయ్యి కాస్త గట్టిగా తగిలినా విరుగుతుంది. కాబట్టి నార అడ్డంగా పెట్టండి. అప్పుడు హంసల మెడలు బలహీనమవుతాయి, అవి నిలువుగా ఉంటాయి కదా. అందుకు మెడను రెండు సూత్‌ల కన్నా సన్నగా గీయొద్దు, కుదిరితే ముక్కు ఛాతీకి ఆనేలా డిజైన్ మార్చుకోండి, రెండు చోట్ల పట్టు దొరుకుతుంది. అసలు ఏ డిజైన్ అయినా కోసే ముందు పెన్సిల్‌తో అన్ని సన్న భాగాలకూ సున్నా చుట్టి, నార వాటి వెంట పోతోందా అడ్డంగా పోతోందా అని ఒక్కోటి చూసుకోండి. ఎక్కువ సన్న భాగాలు ఏ దిక్కుకు ఉంటే నార ఆ దిక్కుకు.

కోత

ప్రతి లోపలి ఖాళీలో బ్లేడు దూర్చడానికి ఒక బెజ్జం పెట్టండి, మధ్యలో కాకుండా ఏదో ఒక మూలకు దగ్గరగా పెడితే కోత దూరం తగ్గుతుంది. డ్రిల్ చేసేటప్పుడు కింద చెత్త చెక్క ఉంచితే అడుగు చీలదు.

కళ్లద్దాలు, మాస్కు పెట్టుకోండి, చున్నీ, వదులు చేతులు, మెడలో దారాలు దూరంగా ఉంచండి. వేళ్లు బ్లేడుకు పక్కలకు ఉండాలి, ఎప్పుడూ దాని ఎదురుగా వద్దు.

లోపలి ఖాళీలన్నీ ముందు, బయటి గీత చివర. బయట ముందే కోస్తే పట్టుకోడానికి చెక్క మిగలదు. లోపల కూడా చెక్క మధ్య నుంచి మొదలుపెట్టి అంచులకు రండి, చిన్న ఖాళీలు ముందు, పెద్దవి తర్వాత.

స్పీడు సగంతో మొదలుపెట్టండి. చెక్కను తొయ్యొద్దు, బ్లేడు తినేంతే అందించండి, తొందరపడి నెట్టినప్పుడే బ్లేడు వంగుతుంది, కాలుతుంది, విరుగుతుంది. నేరుగా గీత మీద పోతున్నా కోత ఒక పక్కకు లాగుతున్నట్టు అనిపిస్తే కంగారు పడొద్దు, బ్లేడు తయారయ్యేటప్పుడు ఒక పక్క చిన్న అంచు మిగులుతుంది, ఆ పక్క ఎక్కువ కోస్తుంది. చెక్కను బల్ల మీదే మూడు నాలుగు డిగ్రీలు పక్కకు తిప్పి పెడితే సరిపోతుంది. ఎంత తిప్పాలో చెత్త ముక్క మీద పొడవాటి గీత కోసి చూసుకోండి, ఒక ప్యాకెట్ బ్లేడ్లన్నీ దాదాపు ఒకే తీరుగా లాగుతాయి.

స్తంభం మూల లాంటి పదునైన మలుపు దగ్గర కొత్తవాళ్లకు చేతులు బిగుసుకుపోతాయి. మూల దాకా వచ్చి ముందుకు తోయడం ఆపండి, మిషన్ ఆపొద్దు. చెక్కను వెంట్రుకవాసి వెనక్కి లాగి, బ్లేడు వెనక భాగం కట్టెకు ఆనిన చోటే ఒక్క ఊపున తిప్పండి. వెనక వైపు పళ్లుండవు కాబట్టి కోత పడదు. నెమ్మదిగా తిప్పితే అక్కడ గుండ్రటి గుంట పడుతుంది. ఇది లోపలి మూలలకు కుదరకపోతే మూల దాకా కోసి, అదే కోతలో వెనక్కి వచ్చి, రెండో పక్క నుంచి మళ్లీ ఆ మూలకే రండి.

గట్టి కట్టె అయితే అరగంట కోతకు బ్లేడు మొద్దుబారుతుంది. మీకు తెలియకుండానే ఎక్కువ తోస్తున్నారంటే, పొట్టు బదులు మెత్తటి పిండి వస్తోందంటే, మార్చేయండి. ఇంకా కోస్తోంది కదా అని లాగొద్దు, బ్లేడు ధర చెక్క ధర ముందు ఏ మూలకూ రాదు.

ఒకటే డిజైన్ మూడు నాలుగు కావాలంటే, పెళ్లిలో ఇచ్చే చిన్న బతుకమ్మ బిళ్లల్లాంటివి, ఒక్కో సూత్ చెక్కలు నాలుగు ఒకదాని మీద ఒకటి పేర్చి చుట్టూ టేప్ బిగించి ఒకేసారి కోయండి. పల్చటి చెక్కలు విడిగా కోసినప్పుడు ఎగురుతాయి, కలిపితే బుద్ధిగా ఉంటాయి.

సాండింగ్, పాలిష్

నిజానికి చెక్క రెండు పక్కలా 180 నంబరు సాండ్ పేపర్ కోతకు ముందే పట్టేయాలి, డిజైన్ అంటించకముందే. కోశాక సన్న భాగాల మీద గట్టిగా రుద్దితే విరుగుతాయి. తర్వాత 220తో నార వెంటే తేలిగ్గా రెండు చేతులు వేస్తే చాలు. లోపలి ఖాళీలకు సాండ్ పేపర్‌ను ఐస్‌క్రీమ్ పుల్లకు అంటించి వాడండి, మొద్దుబారిన బ్లేడుకు అంటించినా మంచిదే. అడుగున లేచిన నూగు పాత టూత్ బ్రష్‌తో పోతుంది.

పాలిష్‌కు జాలీ పనిలో బ్రష్ వద్దు, మూలల్లో కారి గడ్డ కడుతుంది. వెడల్పు పళ్లెంలో ఉడికించిన అవిసె నూనె (షాపులో బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ అని దొరికేది) పోసి తోరణాన్ని ముంచి తీసి, పావుగంట ఆగి, మిగిలిన నూనె అంతా పొడి గుడ్డతో తుడిచేయండి. గుమ్మడి టేకుకు బంగారు ఛాయ వస్తుంది, దిరిసెన చేవ లోతుగా నల్లబడుతుంది. రెండు మూడు రోజులు ఆరాక కావాలంటే పైన పల్చగా లక్క పాలిష్ కొట్టుకోవచ్చు. ఒక్క విషయం చాలా జాగ్రత్త: అవిసె నూనె తడిపిన గుడ్డలను ఉండ చుట్టి మూలకు పారేయొద్దు. ఆరుతూ అవి తమంతట తామే వేడెక్కి అంటుకుంటాయి, మన ఎండల్లో ఇంకా తొందరగా. దండెం మీద విడివిడిగా ఆరేసి, పూర్తిగా గట్టిపడ్డాకే పారేయండి, లేదా నీళ్ల డబ్బాలో ముంచి పెట్టండి.

గోడకు తగిలించేటప్పుడు తోరణం వెనక రెండు స్తంభాలకూ ఒక్కో సూత్ మందం చిన్న ముక్కలు అతికించండి. వానాకాలం గోడ చెమ్మ కట్టెకు తగలకుండా వెనక గాలి ఆడుతుంది, పైగా గోడ మీద నీడ పడి జాలీ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.